కెమెరా కన్ను – గెయిన్ లెక్క

ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థి నోట రోజుకు పదిసార్లయినా పలికే మాట గెయిన్. తెలుగులో దీనిని కొందరు వృద్ధి అంటారు, కొందరు లాభం అంటారు. ఉర్దూ మాతృభాషగా గల మా మిత్రులు ఇజాఫా అంటారు. మాటలు వేరైనా భావం ఒక్కటే: చిన్న సంకేతాన్ని పెద్దది చేయటం. అయితే ఈ మాటలన్నిటిలోనూ ఒక చిక్కు దాగి ఉన్నది. వృద్ధి అన్నా, లాభమన్నా, ఎక్కడినుండో ఏదో అదనంగా వచ్చి చేరినట్లు మనసుకు తోస్తుంది. నిజానికి గెయిన్ వల్ల కొత్తగా వచ్చి చేరేది ఏమీ లేదు. చేతికి అందినదానిని పెద్దది చేసి చూపగలదే తప్ప, అందనిదానిని అది తెచ్చి ఇవ్వలేదు. పైగా ఆ పెద్దది చేసే పని ఏ చోట జరుగుతున్నది, ఎంతమేరకు జరుగుతున్నది అన్నదానిని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. ఈ సంగతి మేము పుస్తకంలో చదివినప్పుడు మార్కుల కోసం చదివాము. తరువాత మా తోటి విద్యార్థిని ఒకరి చదువే దానిమీద ఆధారపడిన సందర్భం వచ్చింది. ఆ సందర్భాన్నీ, అందువల్ల మేము తెలుసుకున్న విషయాలనూ పాఠక మిత్రులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నలుగురం, ఎలక్ట్రానిక్స్ శాఖలో చివరి సంవత్సరం విద్యార్థులం. గడచిన శీతకాలంలో మా కళాశాల ప్రధాన ద్వారం లోపల, హాజరు వేయటానికి, ముఖాన్ని చూసి మనిషిని గుర్తుపట్టే కెమెరా ఒకదానిని అమర్చారు. వరుసలో నిలబడి సంతకాలు చేసే శ్రమ తప్పిందని అందరమూ సంతోషించాము. పది రోజులు గడిచేసరికి కొందరి పేర్లు జాబితాలో కనిపించటం లేదన్న మాట వినవచ్చింది. వారిలో ఒకరు చేవెళ్ళకు ఆవలి పల్లెనుండి వచ్చే విద్యార్థిని. తెల్లవారుజామున బయలుదేరి, రెండు బస్సులు మారి, చేవెళ్ళ మొయినాబాదుల మధ్యనున్న మర్రిచెట్ల బాట వెంట అజీజ్‌నగర్ చేరుకొని, తొలి గంట మ్రోగకముందే తరగతిలో కూర్చునే అమ్మాయి. కెమెరా లెక్క ప్రకారం ఆమె వారంలో నాలుగు రోజులు రానేలేదు.

విశ్వవిద్యాలయ నియమం ప్రకారం నూటికి 75 వంతుల హాజరు ఉండాలి. తగ్గితే రుసుము కట్టి మినహాయింపు కోరుకోవాలి. 65 వంతులకు కూడా తక్కువైతే ఆ దారి సైతం మూసుకుపోయి ఏడాది చదువు వెనుకబడుతుంది. బోధన రుసుము ప్రభుత్వం చెల్లిస్తే తప్ప చదువు సాగని ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. ఆమె మా అధ్యాపకుల వద్దకు వచ్చి చెప్పిన మాట మాకింకా జ్ఞాపకమున్నది. "సార్, నేను రోజూ వస్తనే ఉన్న. అదే నన్ను చూస్తలేదు." అధ్యాపకులు ఆ మాట విని మా వైపు తిరిగి, "ఎలక్ట్రానిక్స్ చదువుతున్నరు గద, అది ఎందుకు చూస్తలేదో మీరే కనుక్కోండ్రి" అన్నారు. మా చివరి సంవత్సరపు ప్రాజెక్టు ఆ క్షణంలోనే నిర్ణయమైపోయింది.

కారణం వెదకటానికి ముందు, కెమెరా కన్ను ఎట్లా చూస్తుందో కొంత తెలుసుకోవలసి ఉన్నది. నేటి చిన్న కెమెరాలలో ఫిల్ము ఉండదు. దాని స్థానంలో గోటికన్న చిన్నదైన సిలికాన్ చిప్పు ఉంటుంది. ఆ చిప్పుమీద లక్షల సంఖ్యలో చిన్న చిన్న గళ్ళు, అడ్డంగానూ నిలువుగానూ బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. పిక్సెల్‌పై కాంతి పడినప్పుడు అందులో ఎలక్ట్రాన్లు పుడతాయి. వెలుగు ఎక్కువైతే ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఆ ఎలక్ట్రాన్లను లెక్కపెట్టటమే బొమ్మ తీయటం.

ఈ విద్యకు చాలా చరిత్ర కలదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సి.సి.డి. అనే సాధనాన్ని ఊహించారు. అందుకు వారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. జపాన్‌లో నోబుకాజు తెరానిషి 1980 ప్రాంతంలో, ఎలక్ట్రాన్లను ఒక్కటీ మిగలకుండా బయటకు పంపగల పిక్సెల్ నిర్మాణాన్ని రూపొందించారు. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసమ్ బృందం, ప్రతి పిక్సెల్‌లోనూ ఒక చిన్న వర్ధకాన్ని, అంటే ఆంప్లిఫయర్‌ను, ఇమిడ్చి సీమాస్ సెన్సారును తీర్చిదిద్దింది. నేడు మన జేబులలోని ఫోన్లలోనూ, మా ద్వారం వద్ద కెమెరాలోనూ ఉన్నది ఆ వంశానికి చెందిన చిప్పే.

ఇక గెయిన్ సంగతి. చిప్పులో గెయిన్ ఒక్కచోట ఉండదు, మూడు నాలుగు మజిలీలలో ఉంటుంది. మొదటి మజిలీ పిక్సెల్ లోపలే. పుట్టిన ఎలక్ట్రాన్లు ఒక అతి చిన్న కెపాసిటరులోకి జారుతాయి. దాని సామర్థ్యం ఎంత తక్కువగా ఉంటే వోల్టేజి అంత ఎక్కువగా లేస్తుంది. సోలెడు నీళ్ళు గంగాళంలో పోస్తే అడుగు మాత్రం తడుస్తుంది. అవే నీళ్ళు సన్నని గాజు గొట్టంలో పోస్తే జానెడు ఎత్తు లేస్తాయి. నీరు పెరగలేదు, మట్టం పెరిగింది. ఒక్క ఫెమ్టోఫారడ్ సామర్థ్యం గల కెపాసిటరులో ఒక్క ఎలక్ట్రాను పడితే మట్టం 160 మైక్రోవోల్టులు మారుతుంది. సామర్థ్యం రెట్టింపయితే ఆ మార్పు సగానికి, 80 మైక్రోవోల్టులకు, దిగిపోతుంది. అయితే సన్నని గొట్టం త్వరగా నిండి పొర్లిపోతుందన్న సంగతి కూడా మరువరాదు. అందుకే కొన్ని చిప్పులలో పిక్సెల్ పక్కనే మరొక చిన్న కెపాసిటరును ఉంచి, మధ్యలో ఒక మీట పెడతారు. చీకటిలో మీట తెరచి సన్నని గొట్టాన్ని మాత్రమే వాడుకొంటారు. వెలుగులో మీట మూసి రెండింటినీ కలుపుకొంటారు.

రెండవ మజిలీ నిలువు వరుస చివర ఉన్నది. పిక్సెల్ వోల్టేజి తీగ వెంట దిగివచ్చి అక్కడ మరొక వర్ధకంలో ప్రవేశిస్తుంది. ఇందులో గెయిన్‌ను రెండు కెపాసిటర్ల నిష్పత్తి నిర్ణయిస్తుంది. ఒకటి మరొకదానికి ఎనిమిది రెట్లుంటే గెయిన్ ఎనిమిది. వినటానికి సులభంగానే ఉన్నది. కాని చిన్న చిప్పులో అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఫోన్లలోని పిక్సెల్ వెడల్పు ఇంచుమించు ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం అనేక పదుల మైక్రాన్లు. అంటే ఒక వెంట్రుక మందంలో పదుల సంఖ్యలో నిలువు వరుసలు ఇమిడిపోతాయి. ప్రతి వరుసకూ ఒక వర్ధకం, అందులో ఎనిమిది రెట్లు పెద్దదైన కెపాసిటరు ఉండాలంటే చోటెక్కడిది? పోనీ చిన్నవిగా చేద్దామంటే రెండు కెపాసిటర్లు ఒకదానితో ఒకటి సరిపోలవు. ఒక వరుస గెయిన్ 8, పక్క వరుస గెయిన్ 8.1 అయిందా, బొమ్మలో నిలువుగీతలు పడతాయి. కంటికి మచ్చకంటె గీత త్వరగా కనబడుతుంది.

చిన్న కెపాసిటరుతో మరొక బాధ కూడా ఉన్నది. ఉష్ణోగ్రత మూలంగా అందులో ఎల్లప్పుడూ కొంత అలజడి ఉంటుంది. మన గది ఉష్ణోగ్రతలో ఒక ఫెమ్టోఫారడ్ కెపాసిటరును ఖాళీ చేసిన ప్రతిసారీ అది నిలిచే మట్టం ఇంచుమించు 2 మిల్లీవోల్టులు అటు ఇటు ఊగుతుంది. ఇది పన్నెండు పదమూడు ఎలక్ట్రాన్లకు సమానం. చీకటిలో మనకు దొరికే సంకేతమే ఇరవై ఎలక్ట్రాన్లయినప్పుడు ఈ ఊగు ఏపాటిదో ఊహించుకోవచ్చు. దీనికి విరుగుడుగా ఇంజనీర్లు ప్రతి పిక్సెల్‌ను రెండుసార్లు చదువుతారు. ఎలక్ట్రాన్లు రాకముందు ఒకసారి, వచ్చిన తరువాత ఒకసారి. రెండవదానినుండి మొదటిదానిని తీసివేస్తే ఊగు రద్దయిపోయి నికరమైనది మిగులుతుంది. గిన్నెను ముందు ఖాళీగా తూచి, తరువాత బియ్యంతో తూచే కిరాణా కొట్టు లెక్కే ఇది.

మూడవ మజిలీలో వోల్టేజి అంకెగా మారుతుంది. ఇక్కడ చోటు మిగిల్చే ఒక చక్కని ఉపాయం కలదు. వోల్టేజిని కొలవటానికి, క్రమంగా దిగుతూ పోయే వాలు వోల్టేజి ఒకదానిని చిప్పులోని వరుసలన్నిటికీ ఒకేసారి పంపుతారు. వాలు దిగుతున్నంతసేపూ లెక్క నడుస్తుంది. పిక్సెల్ వోల్టేజి మట్టాన్ని తాకగానే లెక్క ఆగుతుంది. మన పల్లెల్లోని మెట్లబావిని తలచుకోండి. నీటిమట్టం దాకా ఎన్ని మెట్లు దిగామో చెబితే లోతు తెలిసినట్లే. ఇప్పుడు అదే బావికి మెట్ల ఎత్తు సగానికి తగ్గించి కడితే అదే లోతుకు రెట్టింపు మెట్లు లెక్కకు వస్తాయి. అట్లే వాలును సగం నెమ్మదిగా దింపితే అదే వోల్టేజికి రెట్టింపు అంకె వస్తుంది. అంటే గెయిన్ రెండయింది. ప్రతి వరుసలోనూ పెద్ద కెపాసిటరు పెట్టనక్కరలేదు. వాలును పుట్టించే ఒక్క వలయాన్ని సవరిస్తే చాలు, వేల వరుసలకు ఒకేసారి గెయిన్ మారుతుంది. అందరికీ వాలు ఒక్కటే కనుక వరుసకూ వరుసకూ తేడా కూడా తగ్గుతుంది. చిన్న చిప్పులలో గెయిన్ సవరించటానికి ఈ పద్ధతిని విస్తారంగా వాడటంలో ఆశ్చర్యం లేదు. అయితే మెట్ల సంఖ్యకు ఒక హద్దు ఉన్నది. మెట్లు పొట్టివయితే అడుగుదాకా చేరకముందే లెక్క అయిపోతుంది. అప్పుడు మిక్కిలి వెలుగుగల భాగాలన్నీ ఒక్కటే తెలుపుగా మిగులుతాయి.

నాలుగవ మజిలీ అంకెలు వచ్చిన తరువాత వాటిని గుణించటం. దీనిని డిజిటల్ గెయిన్ అంటారు. దీనికి చోటు అక్కరలేదు, ఖర్చు లేదు, ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చు. ఖర్చు లేని వస్తువు విలువ ఎంతో మా ద్వారం వద్ద కెమెరా మాకు చూపింది.

మా ప్రధాన ద్వారం తూర్పుముఖం. కెమెరా లోపలి గోడమీద ఉండి బయటి వైపు చూస్తుంది. శీతకాలపు ఉదయం సూర్యుడు ఇంకా కిందనే ఉండి, లోపలికి వచ్చేవారి వీపులపై వెలుగు పోస్తుంటాడు. కెమెరాలోని స్వయంచాలక ఏర్పాటు బొమ్మ మొత్తం సగటు వెలుగును చూసి గెయిన్‌ను నిర్ణయిస్తుంది. బొమ్మలో ముప్పాతిక భాగం ఆకాశమే కనుక, వెలుగు చాలా ఎక్కువగా ఉన్నదని తలచి గెయిన్‌ను అట్టడుగుకు దించుతుంది. ఆకాశం అందంగా వస్తుంది. మనుషులు నల్లని నీడలవుతారు. పసిమి ఛాయగల ముఖాలు ఆ నీడలో కూడా కొంత తేలుతాయి. చామనఛాయ ముఖాలు, నల్లని ముఖాలు మునిగిపోతాయి. జాబితాలో పేర్లు లేనివారు ఎవరో గమనిస్తే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

కెమెరా అమర్చినవారిని పిలిపించగా, వారు సాఫ్ట్‌వేరులో వెలుగు పెంచామని చెప్పి వెళ్ళిపోయారు. బొమ్మ తెల్లబడింది. పేర్లు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో చిన్న లెక్కతో చెప్పవచ్చు. అంకెలు 0 నుండి 255 వరకు ఉన్నవనుకొందాము. నీడలోని ముఖం 8 నుండి 20 వరకు ఉన్న అంకెలలో ఇమిడిపోయింది. అంటే నుదురు, కన్ను, ముక్కు, పెదవి అన్నీ కలిసి 13 అంతస్తులు. దీనిని ఎనిమిదితో గుణిస్తే 64 నుండి 160 వరకు విస్తరిస్తుంది. చూడటానికి ముఖం వెలుగులోకి వచ్చినట్లే ఉంటుంది. కాని 64 తరువాత 72, ఆ తరువాత 80. మధ్యవి లేవు. అంతస్తులు మునుపటివలె 13 మాత్రమే. కన్నుకూ కనురెప్పకూ మధ్యనున్న సున్నితమైన తేడా అంకెగా మారేటప్పుడే పోయింది. పోయినదానిని గుణకారం తిరిగి తేలేదు. అదే ఎనిమిది రెట్ల గెయిన్‌ను అంకెగా మారటానికి ముందే, అంటే వరుస చివరి వర్ధకంలోనో, వాలులోనో ఇచ్చినట్లయితే, అదే ముఖం 64 నుండి 160 వరకు 97 అంతస్తులలో పరచుకొంటుంది. ఆకాశం 255 దాటి తెల్లగా పొర్లిపోతుంది. హాజరు పుస్తకానికి ఆకాశంతో పని లేదు కదా!

ఇంకొక లెక్క కూడా ఇందులో ఉన్నది. వర్ధకం తరువాతి మజిలీలన్నీ తమ వంతు రొదను కలుపుతాయి. ముందుగానే ఎనిమిది రెట్లు పెంచిన సంకేతానికి ఆ తరువాత కలిసే రొద ఎనిమిదో వంతుగా తోస్తుంది. చివరలో పెంచితే రొద కూడా ఎనిమిది రెట్లవుతుంది. పెళ్ళి పందిట్లో మైక్‌సెట్ ముందు నిలబడినవారికి ఈ సంగతి తెలుసు. మనిషి మైకుకు దగ్గరగా వచ్చి మాట్లాడితే మాట స్పష్టంగా వినిపిస్తుంది. దూరంగా నిలబడి మాట్లాడుతుంటే ఎంత మీట తిప్పినా, మాటతోపాటు వంటపాత్రల చప్పుడూ పిల్లల ఏడ్పూ కూడా పెద్దవవుతాయి.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఒక చిన్న కెమెరా మాడ్యూలును ప్రయోగశాల బల్లమీద అమర్చి, కిటికీకి ఎదురుగా కూర్చుండబెట్టిన మా నలుగురి ముఖాలతోనే ఈ పరీక్షలన్నీ చేశాము. మా ఛాయలు కూడా నాలుగు రకాలుగా ఉండటం మాకు కలిసివచ్చింది. బల్లపై తేలిన విషయం ఇది. సాఫ్ట్‌వేరులో పెంచటం కన్న చిప్పులో ముందుగా పెంచటం ఎంతో మేలు. చిప్పులో పెంచటం కన్న ముఖంపై ఒక చిన్న దీపం వెలిగించటం అంతకన్న మేలు. ఎందుకనగా కాంతి వాన చినుకుల వలె పడుతుంది. సమానమైన రెండు గిన్నెలను వానలో ఉంచితే చినుకులు సరిసమానంగా పడవు. నూరు ఎలక్ట్రాన్లు రావలసిన చోట సహజంగానే పది అటు ఇటు అవుతాయి. అంటే నూటికి పది తేడా. పదివేలు వచ్చే చోట నూరు అటు ఇటు అవుతాయి. అంటే నూటికి ఒకటి మాత్రమే. ఈ తేడా కాంతిలోనే ఉన్నది. ఏ మజిలీలో ఏ గెయిన్ ఇచ్చినా ఇది తగ్గదు. వెలుగు ఒక్కటే దీనిని తగ్గించగలదు.

ఈ చిక్కు మా ద్వారానికి మాత్రమే పరిమితమైనది కాదు. మన దేశపు ఉపగ్రహాలు కూడా దీనిని ఎదుర్కొన్నవి. 1983 ఏప్రిల్ 17న శ్రీహరికోటనుండి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు కక్ష్యలో ప్రవేశపెట్టిన రోహిణి ఉపగ్రహం ఒక స్మార్ట్ సెన్సార్ కెమెరాను మోసుకుపోయి 2500కు పైగా చిత్రాలు పంపింది. 1988 మార్చి 17న బైకనూర్ నుండి ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహంలోని కెమెరాలలో 2048 గళ్ళ సి.సి.డి. వరుసలు ఉండేవి. మాకు దక్షిణాన ఉన్న షాద్‌నగర్ భూకేంద్రం 1979 నుండి ఉపగ్రహ చిత్రాలను అందుకొంటూ వచ్చింది. మా కళాశాలకు అటు ఇటు ఉన్న జంట జలాశయాలను, అంటే 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను, ఆకాశంనుండి చూసే కెమెరాకు కూడా మా ద్వారపు కెమెరాకు వచ్చిన సమస్యే వస్తుంది. పరారుణ కాంతిలో నీరు దాదాపు నల్లగా కనిపిస్తుంది. పక్కనే ఇసుక, రాతినేల, మబ్బు ధగధగలాడతాయి. ఐఆర్‌ఎస్-1ఎ కాలంలో వీటన్నిటికీ కలిపి ఉన్నవి 128 అంతస్తులే. నీటిలోని తేడాలు చూడాలంటే గెయిన్ పెంచాలి, పెంచితే మబ్బు పొర్లుతుంది. అందుచేత ఆ తరగతి ఉపగ్రహాల కెమెరాలలో, నేలనుండి ఆజ్ఞ పంపి గెయిన్ మార్చే వీలు కల్పించారు. 2003 అక్టోబరు 17న వెళ్ళిన రిసోర్స్‌శాట్-1లోని ఒక కెమెరా 10 బిట్లలో, అంటే 1024 అంతస్తులలో కొలిచి, వాటిలో ఎంపిక చేసిన 7 బిట్లను మాత్రం కిందికి పంపేది. 2011 ఏప్రిల్ 20న వెళ్ళిన రిసోర్స్‌శాట్-2లో 10 బిట్లనూ పంపగలిగారు. చీకటి నీటికీ, తెల్లని మబ్బుకూ రెండింటికీ చోటు దొరికింది. ఒకరిని చూడటానికి మరొకరిని వదలుకోవలసిన అవసరం తగ్గటమే ఈ శాస్త్రంలో ప్రగతి అని మాకు అనిపిస్తుంది.

ఒక విషయం న్యాయంగా చెప్పాలి. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాల తప్పులన్నిటికీ గెయినే కారణం కాదు. వాటికి నేర్పటానికి ఏ ముఖాలను చూపారన్నది కూడా పెద్ద కారణం. 2018లో జాయ్ బువొలామ్వీని, టిమ్నిట్ గెబ్రూ అను పరిశోధకులు, ముఖం చూసి స్త్రీయో పురుషుడో చెప్పే మూడు వ్యాపార సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లని పురుషుల విషయంలో అత్యధిక తప్పు నూటికి 0.8 కాగా, నల్లని స్త్రీల విషయంలో అది నూటికి 34.7 వరకు పోయింది. నేర్చినది తక్కువైన యంత్రానికి వెలుగు కూడా తక్కువైన ముఖం చూపితే ఫలితం ఎట్లా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

మేము వ్రాసి ఇచ్చిన నివేదికను కళాశాల కమిటీ పెద్దలు ఓపికగా విన్నారు. కెమెరాను పక్క గోడకు మార్చి, సూర్యుడు దాని కంట పడకుండా చేశారు. పైన ఒక దీపం పెట్టించారు. సగటు వెలుగును బొమ్మ మొత్తంమీద కాక, ముఖం నిలిచే నడిమి భాగంలో మాత్రమే కొలిచేటట్లు సవరించారు. ఇవన్నీ ఒక మధ్యాహ్నంలో ముగిసిన పనులు. అన్నిటికన్న ముఖ్యంగా, పోయిన రోజుల హాజరును అధ్యాపకుల సొంత పట్టీలతో సరిచూసి ఆ విద్యార్థినికి, ఆమెవంటి మరికొందరికీ తిరిగి వేశారు. ఈ సందర్భంగా పెద్దలకు మా విన్నపం ఒకటి. కెమెరా ఎంత బాగుపడినా కాగితపు పట్టీని తీసివేయవద్దు. యంత్రం చూడలేదంటే మనిషి రాలేదని అర్థం కాదు. చూడని యంత్రాన్ని తప్పుపట్టటానికి మరొక సాక్ష్యం చేతిలో ఉండాలి.

ఈ ప్రాజెక్టు ముగించి మార్కులు పొందిన తరువాత కూడా మమ్మల్ని వదలని ఆలోచన మరొకటి ఉన్నది. మా నలుగురిలో ఇద్దరం ఉర్దూ మాధ్యమంలో, ఒకరం తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివి వచ్చినవాళ్ళం. మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు పాఠం మా చెవిన సన్నగా, తెగిపోతూ పడేది. తెలివి లేక కాదు, సంకేతం బలహీనంగా అందేది. చివరి సంవత్సరంలో ఉద్యోగాల కోసం శిక్షణ తరగతులు పెడతారు. మంచిదే. కాని అది అంకెగా మారిన తరువాత గుణించటం వంటిది. మొదటి సంవత్సరంలో పోయిన అంతస్తులు అందులో తిరిగి రావు. విద్యుద్వలయంలో వలెనే చదువులో కూడా ఆధారం మొదటి మజిలీలోనే అందాలి. ఓమ్ సూత్రమో, కెపాసిటరు లెక్కో తొలిసారి విన్న వారంలోనే ఎవరైనా దానిని ఇంటి మాటలో ఒకసారి చెప్పగలిగితే, ఆ తరువాత ఇంగ్లీషులో ఎంత చెప్పినా నిలుస్తుంది. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. వారానికి ఒక గంట, ఒక ప్రయోగశాల గది, మొదటి సంవత్సరం వారికి చెప్పే ఓపిక గల నలుగురు పై తరగతి విద్యార్థులు చాలు.

మేము ఈ ఏడాదితో కళాశాల విడిచి వెళుతున్నాము. గుజరాతీ గల్లీ కెమెరాను, దాని బల్లను, తెలుగులోనూ ఉర్దూలోనూ చేతితో వ్రాసిన సూచనల పుస్తకాన్ని ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో ఉంచాము. పుస్తకం ఒకవైపు నుండి తెరిస్తే తెలుగు, మరొకవైపు నుండి తెరిస్తే ఉర్దూ. నడుమ కొన్ని పుటలు ఖాళీగా వదిలాము. చీకటిలో నిలిచిన ముఖాన్ని ఇంకా బాగా చూడగల ఉపాయం మా తరువాత వచ్చేవారిలో ఎవరికి తోచినా అక్కడ వ్రాయవలసిందిగా మా ప్రార్థన.